మత్తయి కట్టిన గోడ

డ్యూటీ దిగి వచ్చే మత్తయి జేబులో బెల్లం ముక్క ఉండాల్సిందే. గొంతులో పట్టిన బొగ్గు దుమ్ము దిగుతుందని గోదావరిఖనిలో గని కార్మికులంతా తినేదే అది. పెళ్లయిన నాటి నుంచి అందులో సగం భార్య రెజీనాది. ముక్క విరిచి ఆమె నోట్లో పెట్టనిదే బూట్లు విప్పేవాడు కాదు.

రెజీనాకు బ్లడ్ క్యాన్సర్ అని తేలాక అదే మత్తయి బెల్లాన్ని గడప తొక్కనివ్వలేదు. హైదరాబాద్‌లో ఆ జబ్బు కణాల మీదే పరిశోధన చేస్తున్న కూతురు సువార్త ఫోన్లో ఒక మాట అంది. ఆ కణాల పొరకు చక్కెరను లోపలికి గుంజుకునే తలుపుల్లాంటివి ఉంటాయనీ, అవి ఆబగా తింటాయనీ. మిగతాది వినే ఓపిక మన మత్తయికి ఎక్కడిది! గనిలో బొగ్గుకు నిప్పంటుకుంటే అడ్డంగా గోడ కట్టి గాలి ఆపుతారు. నిప్పు దానంతటదే ఆరిపోతుంది. ఇంట్లోనూ అదే చేశాడు. చాయ్‌లో చక్కెర బంద్, అరటిపండు బంద్, చివరికి అన్నం కూడా పిడికెడే.

మాత్రలు మింగుతూ రెజీనా చిక్కి సగమైంది. నోరు తెరిచి ఏమీ అడగలేదు.

సెలవు పెట్టి వచ్చిన సువార్త తల్లి మణికట్టు పట్టుకుని చూసి, తండ్రి మీద విరుచుకుపడింది.

“అమ్మను గిట్ల పస్తు పెట్టుమని ఎవలు చెప్పిండ్రు బాపూ?”

“నువ్వే గదనే! తిండి ఆపితె అవి సస్తయనుకున్న.”

“అవి సచ్చేదాక అమ్మ ఉంటదా? ఎదగకుండ ఆగిపోయిన పిల్ల కణాలు బాపూ అవి. అమ్మకిచ్చే మాత్ర వాటిని పెద్దగ చేస్తది.”

“మరి తలుపులు ఎవలు మూస్తరు?”

“ఎవలు మూసుడు లేదు. పెద్దగైతాంటె అవే మారుతయి, ఆబ తగ్గుతది. ఆయుష్షు తీరినంక అవే పోతయి. గప్పటిదాక ఒంట్ల ఉన్న మంచి కణాలకు తిండి వద్దా? మంచిగ తినుమని డాక్టరు చెప్పలేదా?”

గోడ కట్టే ముందు లోపల మనిషెవరూ లేరని చూసుకోవాలి. గనిలో అది మొదటి పని. నిప్పును చూసిన కంగారులో మత్తయి రెజీనాను గోడకు లోపలి పక్కనే వదిలేశాడు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడిగాడు. బూట్లు విప్పకుండానే బెల్లం విరిచి సగం ఆమె నోట్లో పెట్టాడు. రెజీనా దాన్ని నమలకుండా బుగ్గన పెట్టుకుంది.

“నువ్వు బెల్లం తెచ్చుడు బంద్ చేస్తే,” అంది, “పోయేదానికి ఎందుకనుకున్నవేమో అనుకున్న.”

మత్తయి తన సగం కూడా ఆమె నోట్లోనే పెట్టాడు.