గోడగడియారం మోగలేదు

నాటకం మొదటి బెల్లుకు కాసేపు ఉందనగా కంప్యూటర్ మొండికేసింది. "తర్వాత చూద్దాం" అంటూ పిట్ట ఇన్నాళ్ళూ దాటవేస్తూ వచ్చిన అప్‌డేట్‌ను, ఇక ఈవిడను అడిగి లాభం లేదనుకుందో ఏమో, తనంతట తనే మొదలుపెట్టేసుకుంది. తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. కింద హాల్లో జనం వచ్చి కూర్చుంటున్నారు. ఎక్కడో కూర్చుని ఈ అప్‌డేట్లు పంపే మహానుభావులకు ఇక్కడ మధ్యాహ్నం ఆట ఉందని, ఆ ఆట మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉందని ఎవరు చెబుతారు?

పిట్ట అన్నది మామయ్య పెట్టిన పేరు. అమ్మ పోయాక మేనకోడల్ని తెచ్చి పెంచింది మామయ్యా అత్తయ్యే. చిన్నప్పుడు బీరువాల మీదా కిటికీల మీదా ఎక్కి కూర్చునేదని ఆయన అలా పిలిచేవాడు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం కూడా ఆ పేరుకు తగినదే. హాలు వెనక, ప్రేక్షకుల తలల పైన, నిచ్చెన ఎక్కితే తప్ప చేరలేని చెక్క గదిలో కూర్చుని నాటకానికి శబ్దాలు వినిపిస్తుంది. నాటకంలో ముఖ్య వేషం మామయ్యది. పాత గడియారాలు బాగుచేసే ముసలాయన, ఆయన దుకాణం, గోడల నిండా గడియారాలు. ఆ వేషంలో ఆయన్ని చూసినవాళ్ళు ఇంకొకర్ని ఊహించుకోలేరు.

అలాంటి మామయ్య కొన్నాళ్ళుగా స్టేజీ మీద మాటలు మరిచిపోతున్నాడు. మధ్యలో ఆగిపోతాడు, కళ్ళు ఖాళీ అయిపోతాయి. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, ఆయనకూ పిట్టకూ. అది గడియారాల దుకాణం కావడం వాళ్ళ అదృష్టం. ఏ గడియారం ఎప్పుడు మోగినా చూసేవాళ్ళకు అనుమానం రాదు. కోకిల గడియారం కూస్తే ఆయనకు కూతురి గురించిన మాటలు గుర్తొస్తాయి. అలారం మోగితే పొరుగు దుకాణం వాడితో గొడవ గుర్తొస్తుంది. గోడగడియారం గంట కొడితే చనిపోయిన భార్య గురించి చెప్పే చివరి మాటలు, ఆటంతటికీ ప్రాణమైన మాటలు, ధారగా వచ్చేస్తాయి.

మామూలు శబ్దాలన్నీ వరసగా ఒకచోట పేర్చి ఉంటాయి, స్టేజీ మేనేజరుకు కూడా కనిపిస్తాయి. ఈ ఆదుకునే శబ్దాలు అక్కడ పెడితే ఎందుకని అడుగుతారు. అందుకే పిట్ట వాటిని సెర్చ్ పెట్టెలోంచి తీస్తుంది. 'కో' అని కొట్టి ఎంటర్ నొక్కితే కోకిల. 'అ' కొట్టి నొక్కితే అలారం. 'గో' అంటే గోడగడియారం. తెర వైపు చూసే పనే లేదు. కళ్ళు మామయ్య మీద, వేళ్ళు మీటల మీద.

ఈ రోజు ముందు వరసలో నాటక సమాజం యజమానురాలు కూర్చుంది. వేరే ఊళ్ళలో ఆటలు కుదిరాయి, పెద్దాయన్ని తీసుకెళ్ళాలా ఆయన బదులు ఇంకొకర్ని పెట్టాలా అన్నది ఈ ఆట చూసి తేలుస్తానని చెప్పింది. ఆ వేషం పోతే మామయ్య ఇంట్లో కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తూ ఉంటాడు. అలా చూస్తూ ఉండిపోయిన రోజులు పిట్ట ఇప్పటికే చూసింది. మళ్ళీ చూసే ధైర్యం ఆమెకు లేదు.

మూడో బెల్లు మోగుతుండగా కంప్యూటర్ తెరుచుకుంది. పిట్ట ఊపిరి పీల్చుకుంది. తెర లేచింది.

పొరుగు దుకాణం వాడు వచ్చి వెళ్ళేవరకు అంతా సాఫీగా సాగింది. తర్వాత మామయ్య ఒక చేతిగడియారం తీసి చెవి దగ్గర పెట్టుకుని, "నా కూతురు..." అని ఆగాడు. కళ్ళు ఖాళీ అయ్యాయి. పిట్ట వేళ్ళు వాటంతటవే 'కో' కొట్టి ఎంటర్ నొక్కాయి.

కోకిల కూయలేదు.

తెర వైపు చూసేసరికి ఇంటర్నెట్ తెరుచుకుని ఉంది. కోటు గుండీలు, కోళ్ళ ఫారాలు, కోపం తగ్గించుకునే మార్గాలు. నిన్నటిదాకా ఇంట్లో ఉన్నది ముందు చూపించిన సెర్చ్ పెట్టె, ఈ రోజు ఇంట్లో సామాను పక్కకు నెట్టి బజారంతా తెచ్చి ముందు పోసింది. పిట్ట దాన్ని మూసేసి ఫైళ్ళ గుట్టలోకి దిగింది. ఏళ్ళ తరబడి చేసిన రికార్డింగులు, ఏ వరసా లేదు. సెర్చ్ ఉండగా సర్దుకునే అవసరం ఎప్పుడు వచ్చింది కనుక?

కింద మామయ్య చేతిగడియారాన్ని తిప్పి చూస్తున్నాడు. తుడుస్తున్నాడు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. నటుడు కాబట్టి నెట్టుకొస్తున్నాడు గానీ, ఎవరో దగ్గారు, ఎవరో కుర్చీలో కదిలారు. యజమానురాలు తల ఒక పక్కకు వంచింది. అప్పుడు దొరికింది కోకిల. అది కూయగానే, "నా కూతురు కూడా ఇలాగే, వేళకాని వేళలో పలకరించేది" అని మామయ్య అందుకున్నాడు.

విరామంలో పిట్ట కుర్చీలోంచి లేవలేదు. అలారం దొరికింది, తెరిచి సిద్ధంగా పెట్టుకుంది. గోడగడియారం మాత్రం దొరకలేదు. అది కొని తెచ్చిన శబ్దం కాదు. వాళ్ళింట్లో అత్తయ్య గడియారం. రోజూ దానికి కీ ఇచ్చేది అత్తయ్యే, ఆవిడ పోయాక అది ఆగిపోయింది. ఆగకముందు పిట్ట ఫోన్లో పట్టుకున్న ఆ గంటే ఇప్పుడు మిగిలింది. ఫైలు పేరు ఫోను పెట్టిన వట్టి అంకెలు. 'గోడగడియారం' అన్న మాటను పిట్ట ఆ ఫైలు వివరాల్లో రాసి పెట్టుకుంది, పాత సెర్చ్ ఆ వివరాలు కూడా చూసేది. ఇప్పుడేమో పెట్టె కింద చిన్న అక్షరాలతో ఒక మాట: 'మీ ఫైళ్ళను కొత్తగా చూసుకుంటున్నాం. అంతవరకు పేర్లతో మాత్రమే వెతకగలం.'

అలాంటి అంకెల ఫైళ్ళు వందలున్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటే వింటోంది. వాన. రైలు. ఎవరిదో నవ్వు. మళ్ళీ వాన. ఇంతలో లోపలి ఫోన్ మోగింది. వేషాల గదిలోంచి మామయ్య.

"ఏమే పిట్టా, కోకిలకు గొంతు పట్టేసిందా?"

"కంప్యూటర్ కొత్త వేషం కట్టింది మామయ్యా. ఇంకా మాట వినట్లేదు."

"దాని తిప్పలు అది పడుతుందిలే. గోడగడియారం ఒక్కటి వేళకు కొట్టించు తల్లీ. అది కొడితే చాలు, మిగతాదంతా నా నోట్లోకి అదే వస్తుంది."

దొరకలేదని చెప్పాలి. ఆట ఆపమనాలి, లేదా ఎవరికైనా నిజం చెప్పాలి. "అలాగే మామయ్యా" అంది పిట్ట. ఆ అబద్ధం చెప్పినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. బెల్లు మోగింది.

రెండో అంకంలో అలారం అక్కరకొచ్చింది. చివరి ఘట్టానికి మామయ్య ఒక్కడే మిగిలాడు. దుకాణంలో దీపాలు తగ్గాయి. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి, ఆగిపోయిన పెద్ద గడియారం తలుపు తెరిచి, "దీన్ని..." అన్నాడు. అంతే. మాట అక్కడే తెగిపోయింది.

పిట్ట ఇంకా అంకెల గుట్టలోనే ఉంది. ఉండబట్టలేక 'గో' అని కొట్టింది. గోడ రంగులు, గోళ్ళ రంగులు. చేతికందిన వేరే గడియారం గంట ఒకటి మోగించింది. మామయ్య దాన్ని పట్టించుకోలేదు. అది అత్తయ్య గంట కాదు. ఆయన చేతులు వేలాడిపోయాయి. నటన అయిపోయింది, అక్కడ నిలబడి ఉన్నది దారి తప్పిన ముసలాయన. స్టేజీ మేనేజరు హెడ్‌సెట్‌లో, "ఏమైంది? తెర దించేయనా?" అంటున్నాడు.

"ఆగండి" అంది పిట్ట. సెల్‌ఫోన్లు ఆపేయమని ప్రేక్షకులకు చెప్పే మైకు పక్కనే ఉంది. మీట నొక్కింది. దుకాణం బయట నిలబడ్డ మనిషిలా అడిగింది.

"లోపల ఎవరైనా ఉన్నారాండీ?"

మామయ్య తలెత్తాడు. "ఎవరమ్మా అది?"

"నేనే మామయ్యా. పిట్టను." ఆ మాట నోరుజారి వచ్చేసింది.

ఆయన చీకట్లోకి, గొంతు వచ్చిన వైపుకి, మర్యాదగా నవ్వాడు. "పిట్టెక్కడుందమ్మా ఇప్పుడు? బడికెళ్ళింది. చిన్నపిల్ల కదా, సాయంత్రం గానీ రాదు. మీరు కూర్చోండి."

హాల్లో సన్నగా నవ్వులు వినిపించాయి. ముసలాయన మాటలు భలే ముద్దుగా రాశారని అనుకుని ఉంటారు. ఆయన మాటలు మాత్రమే మరిచిపోతున్నాడని పిట్ట అనుకుంది. తననే మరిచిపోతాడని ఏనాడూ అనుకోలేదు. మళ్ళీ అడిగింది.

"ఆ గడియారం ఎందుకు ఆగిపోయిందండీ? బాగుచేయలేకపోయారా?"

నాటకంలో దీనికి జవాబు ఉంది. 'బాగుచేయడం రాక కాదు, ఆగిన వేళ తను పోయిన వేళ కాబట్టి' అని మొదలవుతుంది. మామయ్య ఆ మాటలు అనలేదు. చెక్క మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు.

"దానికి ఏ జబ్బూ లేదమ్మా. కీ ఇచ్చేది మా ఆవిడ. నేను ముట్టుకుంటే ఊరుకునేది కాదు, నీ మొరటు చేతులూ నువ్వూ అనేది. తనే వచ్చి ఇస్తుంది కదా అని వదిలేశాను. ఇంకా రాలేదు. కాస్త ఆలస్యమైనట్టుంది."

పిట్ట మీట వదిలేసి, "తెర" అంది. తెర దిగుతుంటే చప్పట్లు మారుమోగాయి, జనం లేచి నిలబడ్డారు. ఆమె చెంపలు తడిసిపోయాయి.

హాలు ఖాళీ అవుతుండగా యజమానురాలు ఆయాసపడుతూ నిచ్చెన ఎక్కి వచ్చింది. ఆవిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"బయటి గొంతు పెట్టమని ఎవరు చెప్పారమ్మాయ్? అద్భుతంగా ఉంది. ఇక ప్రతి ఆటలోనూ అది ఉండాలి. పెద్దాయనే వస్తారు, నాకింకే అనుమానమూ లేదు."

ఈ మాట కోసమే పిట్ట ఇన్నాళ్ళూ గుట్టుగా గడియారాలు మోగించింది. ఇప్పుడు తల అడ్డంగా ఊపింది.

"ఆయన రారండీ."

"అదేంటి? ఎందుకు రారు?"

పిట్ట కంప్యూటర్ వైపు తిరిగింది. తెర మీద చిన్న అక్షరాల మాట మాయమైంది, కంప్యూటర్ ఫైళ్ళన్నీ చూసుకోవడం ముగించింది. పిట్ట 'గో' అని కొట్టింది. బజారు సరుకంతటి కింద, అట్టడుగున, అంకెల పేరుతో అది కనిపించింది. దాని మీద నొక్కింది.

ఖాళీ హాల్లో అత్తయ్య గడియారం గంట కొట్టింది.

తెర మళ్ళీ ఎత్తి సామాను సర్దుతున్నారు. వాళ్ళ మధ్య, సగం రంగు తుడిచిన మొహంతో, స్టూలు మీద కూర్చున్న మామయ్య లేచి నిలబడ్డాడు. ఖాళీ కుర్చీల వైపు తిరిగి, "బాగుచేయడం రాక కాదు" అని అందుకుని, ఆ చివరి మాటలన్నీ ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. సామాను మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చెప్పడం అయ్యాక ఆయన చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"బాగా వచ్చిందా పిట్టా? యజమానురాలు వచ్చారటగా? తెర ఎప్పుడు తీస్తారో కనుక్కో, నేను తయారుగానే ఉన్నాను."

యజమానురాలు పక్క కుర్చీలో కూలబడింది. పిట్ట మైకు మీట నొక్కింది.

"బాగా వచ్చింది మామయ్యా. అక్కడే ఉండు, నేను కిందికి వస్తున్నా."