డాక్టరు వద్దన్న పచ్చడి

మా బావ దేవేంద్రప్ప కడుపునొప్పికి నేను పట్నం వైద్యం అన్నాను, మా అక్క ఉరుకుందమ్మ హకీం వైద్యం అంది. మా ఇద్దరి పంతాల మధ్య నలిగింది మాత్రం బావ కడుపే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఇందులో తప్పు చాలామటుకు చదువుకున్నవాడిది, అంటే నాది.

ఎమ్మిగనూరులో బావది గుంతమగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, నేసిన బట్ట చుట్టుకునే కొయ్య సరిగ్గా కడుపుకు ఆనుతుంది. నాలుగేళ్ళుగా ఆయనకు రొమ్ము కింద ఒకటే మంట. పడుగు పోగుల మధ్య నాడె విసురుతూ విసురుతూ ఆగిపోయి, పిడికిలి కడుపులోకి నొక్కుకుని కళ్ళు మూసుకునేవాడు. మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా వంటింట్లో అక్క కూడా రోలు ఆపి చెవి ఒగ్గేది. మళ్ళీ నాడె కదిలాకే ఆమె చెయ్యి కదిలేది.

మొదట హకీం దస్తగిరి సాయిబు చూశాడు. నాడి పట్టి, చూర్ణం ఇచ్చి, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"మూడు నెలలు ఊరిబిండి ముట్టగూడదు దేవేంద్రప్పా."

ఎండుమిరపకాయలు, వేయించిన చెనిక్కాయ విత్తనాలు (వేరుశనగ గింజలు), చింతపండు, ఉప్పు రోట్లో వేసి నూరితే ఊరిబిండి. జొన్నరొట్టె మీద అది లేకపోతే మావాళ్ళకు తిన్నట్టే ఉండదు. బావ పదిహేను రోజులు ఓర్చుకున్నాడు. పదహారో రోజు ఊరిబిండి తెమ్మన్నాడు, చూర్ణం అటక మీద పెట్టించాడు. హకీం మందు పని చేయలేదని ఊరంతా చెప్పాడు.

బడిపంతులునైన నాకు సందు దొరికింది. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. కృష్ణా జిల్లా నుంచి ఒక డాక్టరుగారు వచ్చి అక్కడ ఆసుపత్రి పెట్టారని విని, బావను బస్సెక్కించాను. ఆయన సున్నంలాంటి నీళ్ళు తాగించి కడుపుకు ఎక్స్‌రే ఫోటో తీసి, చిన్నపేగు మొదట్లో పుండు పడిందన్నారు. తెల్లపొడి ఇచ్చి పాలతో తాగమన్నారు.

"కూరల్లో కారం వద్దు. పచ్చళ్ళ జోలికి అసలే పోవద్దు. తెలిసిందా?"

"అట్లే సామీ," అన్నాడు బావ. బయటికి రాగానే ముఖం వెలిగిపోయింది. "శానా మంచోడప్పా ఈ డాక్టరు. ఊరిబిండి వద్దనలే!"

నేను నవ్వాను. వైద్యం వేరు గనక పథ్యమూ వేరేమో అనుకున్నాను. మా దృష్టిలో పచ్చడి అంటే కోస్తావాళ్ళు జాడీల్లో దాచుకునేది, మా ఇంట్లో ఆ మాటే వినపడదు. రోజూ పిల్లలకు తెలుగు పాఠం చెప్పే నా బుర్రకు ఆ పూట తెలుగు తట్టలేదు.

అక్క డాక్టరు మాట తు.చ. తప్పకుండా పాటించింది. పప్పులో కారం మానేసింది, పులుసులో మానేసింది. పాపం చప్పిడి తిండి తింటున్నాడని జాలిపడి, అంతకుముందు ఉసిరికాయంత పెట్టే ఊరిబిండిని నిమ్మకాయంత పెట్టడం మొదలుపెట్టింది. రెండు నెలలు తిరిగేసరికి బావ గుంతలోకన్నా మంచం మీదే ఎక్కువగా ఉన్నాడు.

మళ్ళీ కర్నూలు పోయాం, మళ్ళీ ఫోటో తీశారు. పుండు పెరిగింది.

"పథ్యం సరిగ్గా చేస్తున్నారా?" అన్నారు డాక్టరుగారు.

"చేస్తాండా సామీ."

ఆయన నా వైపు చూశారు. నేనూ తల ఊపాను.

"అయితే ఇది మందుకు లొంగేట్టు లేదు మాస్టారూ. కడుపు కోయాలి. సోమవారం తీసుకొచ్చి చేర్పించండి."

"మగ్గం ఎప్పుడెక్కొచ్చు సామీ?" అని అడిగాడు బావ.

"ఆరు నెలలు కడుపు మీద బరువు ఆనకూడదు. ఆ తర్వాత చూద్దాం."

 ఇంటికి రాగానే అక్క నన్ను దులిపేసింది.

"కోసిన కడుపుకు కొయ్య ఆనిచ్చి నేసేదెట్లరా? మగ్గం పోతే ఈ మనిషి బతుకుతాడా?"

"నాలుగేండ్లు నీ హకీం ఏం బాగు చేసినాడక్కా?"

"నాలుగేండ్లు యాడ తినె ఆ మందు? పదైదు దినాలు తినె!"

నిజమే.  చివరికి ఒక మాట అనుకున్నాం. హకీం ఒకసారి వచ్చి చూడాలి, ఆయన కూడా తన వల్ల కాదంటే సోమవారం ఆసుపత్రికి పోవాలి.

శుక్రవారం నమాజు అయ్యాక దస్తగిరి సాయిబు వచ్చాడు. బావ అప్పుడే రొట్టె ముందు కూర్చున్నాడు. లేవబోతే, తినమని చేత్తోనే సైగ చేసి, సాయిబు ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. నాడి చూడలేదు. పళ్ళెం చూశాడు.

"ఇదేంది తల్లీ?"

"ఊరిబిండి సాయిబూ."

"డాక్టరు వద్దనలేదా?"

"లే. పచ్చడే వద్దన్నాడంట. మేం పచ్చడి ముట్టనే ముట్టం," అంది అక్క కాస్త గర్వంగానే.

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "బెజవాడలో ఆరేండ్లు మందులు అమ్మినా తల్లీ. ఆ తట్టు దీన్నే పచ్చడంటారు."

 అక్క నా వైపు తిరిగింది. "పంతులువి గదరా," అంది, అంతే. చీపురు తీసుకుని కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. తర్వాత ఆమె బావ పళ్ళెం లాగేసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "నిమ్మకాయంత పెడ్తి. ఈ చేత్తో నేనే పెడ్తి."

నేను సాయిబును ఏదైనా మందిమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు.

"ఒక కడుపుకు ఇద్దరం మందు పెట్టగూడదప్పా. ఆయప్ప మందు మంచిదే. దాన్నీ మీరు పని చేయనీలే, నాదీ చేయనీలే. పొయ్యి ఆయప్పకే నిజం చెప్పండి. అప్పుడు గూడా కోయాలంటే కోయించుకో దేవేంద్రప్పా, భయపడొద్దు."

సోమవారం ఆసుపత్రిలో చేతులు కట్టుకుని నేనే చెప్పాను. డాక్టరుగారు ముందు మండిపడ్డారు, తర్వాత తల పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఎంతమందికి ఇలాగే చెప్పానో," అని గొణిగి, ఒక కాగితం తీసి ఊరిబిండి అన్న మాట నాచేత రాయించుకున్నారు. ఆరు వారాలు గడువిచ్చారు. అప్పటికీ తగ్గకపోతే కత్తి తప్పదన్నారు.

ఆ రోజే అక్క రోటి మీద చేట బోర్లించింది.

ఆరు వారాలకు తీసిన ఫోటోలో పుండు సగానికి పైగా మానింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నేను బస్సులో ఆనందం పట్టలేక ఏదేదో వాగుతున్నాను. కోడుమూరు దాటాక బావ మెల్లగా నోరు విప్పాడు.

"ఈరన్నా, పెండ్లికి ముందు నేను రంగులు తెచ్చేదానికి బెజవాడకు పొయ్యేటోణ్ణి. ఆడ హోటల్లో ఆకు మీద పచ్చడి ఏస్తాండ్రి."

నేను వాగుడు ఆపి ఆయన వైపు తిరిగాను. "అంటే నీకు తెల్సా?"

"తెల్సు."

ఆయన్ని బస్సులోంచి దించేయాలన్నంత కోపం వచ్చింది. "కడుపు కోస్తామన్నా నోరు తెరవకపోతివే! అక్క ఆరు వారాలుగా తన చేతిని తానే తిట్టుకుంటాండాది!"

"దినమంతా గుంతలోనే ఉంటా. రుచి అనేది నాకు ఆ ఒక్కటే ఉండె. మొదట నాలిక కోసం చెప్పలే. కోస్తామన్నాక మీ యక్క ముందర సిగ్గయి చెప్పలే." కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు చెప్పప్పా ఆమెకు," అన్నాడు.

"నేను చెప్పను. నీ నోటితోనే చెప్పు."

చెప్పాడు. కాళ్ళయినా కడుక్కోకుండా గడపలోనే నిలబడి చెప్పాడు. అక్క అంతా వింది. తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి పోయి రొట్టె, చప్పిడి పప్పు, మజ్జిగ తెచ్చి పెట్టింది. తనూ పళ్ళెం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆమె పళ్ళెంలోనూ రొట్టె, చప్పిడి పప్పే ఉన్నాయి. బావ అప్పుడు గమనించాడు.

"నువ్వెందుకు తినవు ఊరిబిండి?"

"నూరితే వాసన వస్తాది. నీకు నోరూరుతాది." అక్క రొట్టె తుంచింది. "నాలుగేండ్లు నీ మగ్గం ఆగినప్పుడల్లా నేను రోలు ఆపి వింటి. ఇంగ రోలే ఆపేసినా. నువ్వు మగ్గం ఆపొద్దు. అంతే నేనడిగేది."

బావ ఆ రోజు చప్పిడి పప్పుతో మూడు రొట్టెలు తిన్నాడు. తిన్నంతసేపూ ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కారం ఎక్కువైందని చెప్పుకోవడానికి కూడా లేదు.