రెండో ఆదివారం నీళ్ళు

రెండో ఆదివారం వచ్చిందంటే చాలు, అమ్మిరాజు మాస్టారికి మధ్యాహ్నం అన్నం దగ్గర్నించే వందన సమర్పణ మొదలైపోయేది. "ముందుగా ఈ దోసకాయ పప్పు వండిన శ్రీమతి సూర్యావతి గారికి..." అని ఆయన గొంతు సవరించుకుంటే, "ముందు తినండి, చల్లారిపోతుంది" అనేది ఆవిడ. ఆవిడ కంచంలో కొబ్బరి పచ్చడి ఉండేది, ఆయన కంచంలో ఉండేది కాదు. కోనసీమలో పుట్టి, కోనసీమలోనే పెరిగి, నాలుగు పక్కలా కొబ్బరిచెట్లున్న ఇంట్లో కాపురం చేస్తూ కొబ్బరి ముట్టని మనిషిని ఎక్కడైనా చూసేరా? పడదట. కొబ్బరినీళ్ళు కూడా పడవట. పెళ్ళయిన కొత్తలో సూర్యావతి ఈ మాట విని, మనిషికి లోపల ఏదో జబ్బుంది గావును అని పుట్టింటికి ఉత్తరం రాసింది.

కొత్తపేటలో గ్రంథాలయం హాల్లో నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి సభ జరుగుతుంది. ఊరి చరిత్రనీ, కాలవల చరిత్రనీ, వరిచేలు పోయి రొయ్యల చెరువులు రావడమనీ, ఎవరికి తెలిసింది వాళ్ళు వచ్చి చెబుతారు, వినేవాళ్ళు మధ్యలో అడ్డుపడతారు. అమ్మిరాజు మాస్టారు హైస్కూల్లో సోషల్ చెబుతారు కదా అని ఆయన్ని అధ్యక్షుడిగా ఉండమన్నారు. వద్దన్నారు. పోనీ ఒకసారైనా ప్రసంగించమన్నారు. అదీ వద్దన్నారు. "మనకి వందన సమర్పణ చాలండీ" అన్నారు. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఆయన ధన్యవాదాలు తప్ప ఇంకో ముక్క మాట్లాడిన పాపాన పోలేదు.

ఆ హాల్లో ఒక సంగతుంది. ఎవరైనా తాము కళ్ళారా చూసిన నీళ్ళ గురించి ఉన్నదున్నట్టు చెబితే, ఆ నీళ్ళు అప్పుడెంత ఎత్తు వచ్చాయో అంత ఎత్తున హాల్లోకి వస్తాయి. మొదటిసారి, లాకుల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన కాలవకి గండి పడిన రోజు గురించి చెబుతుంటే చీలమండల దాకా వచ్చేయి. జనం పంచెలు ఎత్తి కట్టుకుని విన్నారు. అటెండరు జగ్గయ్య చెప్పులన్నీ ఏరి కిటికీలో పెట్టేడు. మర్నాడు కింది అరల్లో పుస్తకాలు పై అరల్లోకి వెళ్ళేయి, స్విచ్చిబోర్డులు నిలువెత్తుకి ఎక్కేయి, వక్తని పిలిచే ముందు "మీ దాంట్లో నీళ్ళున్నాయాండీ?" అని అడగడం అలవాటైంది. తుఫాను గురించి చెప్పినప్పుడు ఉప్పునీళ్ళు వచ్చి అందరి బట్టలూ తెల్లగా చారలు కట్టేయి. ఎక్కణ్ణించో వచ్చిన ప్రొఫెసరు గారు గోదావరి మీద రెండు గంటలు మాట్లాడితే ఒక్క చుక్క రాలేదు. పాపం, ఆయనకీ శాలువా కప్పే పంపేరు.

వచ్చిన నీళ్ళు ఊరికే పోవు. వందన సమర్పణ అయితేనే పోతాయి. మాస్టారికి అక్కడ అంత గౌరవం అందుకే. ఆయన ఒక్కొక్క పేరే చదువుతుంటే నీళ్ళు ఒక్కొక్క అంగుళమే దిగేవి. మైకు సెట్టు వాళ్ళ పేరు దగ్గరికొచ్చేసరికి గచ్చు కనబడేది.

ఇక నాగదుర్గ. ఆవిడ చరిత్ర కోసం వచ్చేది కాదు, చేపల కోసం వచ్చేది. మొగుడు పోయేడు, ఇద్దరు పిల్లలు, కాలవ గట్టు మీద తాటాకు పాక, బజార్లో చేపల అమ్మకం. వరద మాట వచ్చిందంటే హాల్లోకి రెండు బొచ్చె చేపలైనా కొట్టుకొస్తాయని తెలుసుకుని, బుట్ట పట్టుకుని ఆఖరి వరసలో కూర్చునేది. మర్నాడు బజార్లో "ఇది ఎనభై ఆరు వరద బొచ్చండీ, ఇప్పటి చెరువు చేప కాదు" అని చెప్పి మరీ అమ్మేది. ఆవిడకి ఒక్కటే లోటు. "ఇన్ని ప్రసంగాలు విన్నాను గానీ ఒక్క పులస రాలేదండీ. ఎవరూ పులస దాకా నిజం చెప్పట్లేదు" అని జగ్గయ్య దగ్గర వాపోయేది.

ఆ నెల సభలో విషయం ఇళ్ళ స్థలాలు. ఏటిగట్టు కింద శ్రీరాములు గారి కొబ్బరితోట ఉంది. దాన్ని ప్రభుత్వం కొని, అరవై కుటుంబాలకి ప్లాట్లు వేసి ఇద్దామనుకుంది. నాగదుర్గది పధ్నాలుగో నంబరు. తహసీల్దారు సలోమి మేడం ఫైలు పట్టుకుని సభకి వచ్చేరు. "రేపు ఉదయం నేను సంతకం పెట్టాలండీ" అన్నారు. "వరద ఎంత వచ్చింది అనే గడి రికార్డులో ఖాళీగా ఉంది. తెలిసినవాళ్ళు ఇవాళే చెప్పండి."

శ్రీరాములు గారు లేచేరు. తెల్లచొక్కా, మెడలో తువ్వాలు, మాట మహా మెత్తన. "మా తోటలోకి ఎప్పుడూ నీళ్ళు రాలేదండీ. ఎనభై ఆరు వరదకి నేను కాకినాడ హాస్టల్లో ఉన్నాను గానీ, మా నాన్నగారు చెప్పేరు. ఆయ్." అని గచ్చు వైపు చెయ్యి చూపించేరు. "చూడండి, చుక్క లేదు."

"రాలేదని చెబితే ఎలా వస్తాయండీ?" అన్నాడు జగ్గయ్య. అదీ నిజమేనన్నట్టు మేడం పెన్ను ఆపేరు.

అప్పుడు నాగదుర్గ లేచింది. ఆ హాల్లో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. "మా అత్త చెప్పేదండీ. ఎనభై ఆరులో గట్టు తెగి ఆ తోటంతా ఏరైపోయిందట. నేను అంతర్వేది నించి కోడలిగా వచ్చినదాన్ని, నేను చూళ్ళేదు." గచ్చు కొంచెం నల్లబడింది. జగ్గయ్య వంగి వేలు పెట్టి చూసేడు. "తడేనండీ. నీళ్ళు కాదు" అన్నాడు. విన్న మాటకి అంతకంటే రాదు మరి.

"మా ఊళ్ళో తడి లేనిదెప్పుడండీ" అన్నారు శ్రీరాములు గారు. అందరూ నవ్వేరు. నాగదుర్గ నవ్వలేదు. "ఇది వద్దంటే ఇంకోటి ఇస్తారో ఇవ్వరో తెలీదండీ. తీసుకుంటే పిల్లల్తో ఆ పల్లంలో పడుకోవాలి. నేను చేపలమ్ముకునేదాన్ని గానీ చేపని కాదు కదండీ" అని కూర్చుంది.

మేడం గడియారం చూసుకున్నారు. "ఇంకెవరూ లేకపోతే రాలేదనే రాసుకుంటానండీ" అన్నారు.

వేదిక పక్కన అమ్మిరాజు మాస్టారు వందన సమర్పణ కాగితం మడత పెట్టేరు. ఆయనకి తెలుసు. ఆ హాలు మొత్తం మీద ఆయనొక్కడికే తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళ నించి తెలుసు. మూడో వరసలో సూర్యావతి ఉంది. ఆ వెనకాల హెడ్మాస్టరు గారున్నారు. ఆ పక్కన పదో తరగతి వాళ్ళు నలుగురున్నారు, పోయిన వారమే జామకాయలు దొంగిలించేరని ఆయన గంటసేపు నిలబెట్టి నీతులు చెప్పిన నలుగురూ వాళ్ళే. కాగితం చదివేసి ఇంటికెళ్ళిపోతే ఏ గొడవా లేదు. కానీ ఆఖరి వరసలో నాగదుర్గ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని గచ్చుకేసి చూస్తోంది. ఆయన మైకు దగ్గరికి వెళ్ళేరు. సభ అయిపోయిందనుకుని జగ్గయ్య చెప్పులు దింపడం మొదలెట్టేడు.

"వందన సమర్పణకి ముందు ఒక్క మాటండీ. ఎనభై ఆరు ఆగస్టులో నేను ఆ తోటలో ఉన్నాను."

గుమ్మంలోంచి నీళ్ళు వచ్చేయి. జగ్గయ్య దింపిన చెప్పులు మళ్ళీ కిటికీలో పెట్టేడు.

"ఏదో పని మీద వెళ్ళేను. గట్టు తెగింది. నీళ్ళు చాలా ఎత్తు వచ్చేయండీ."

మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయేయి. జనం చూసేరు, ఇంకా వస్తాయేమోనని. రాలేదు.

"మోకాలి లోతేగా మాస్టారూ" అన్నారు శ్రీరాములు గారు తేలిక పడి. "పునాది మూడడుగులు లేపుకుంటే సరిపోతుందండీ." మేడం తల ఊపి రాసుకోబోయి, "ఏం పని మీద వెళ్ళేరండీ?" అని అడిగేరు.

"స్నేహితుణ్ణి చూడ్డానికి" అన్నారు మాస్టారు.

నీళ్ళు ఒక అంగుళం దిగేయి. హాలంతా చూసింది. సూర్యావతి కూడా చూసింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి ఆ క్షణాన భూమి చీలితే బావుండుననిపించింది గానీ ఆ భూమి కనబడితే కదా.

"కొబ్బరికాయలు దొంగతనం చెయ్యడానికి వెళ్ళేనండీ" అన్నారు.

ఇక చూడండి. నీళ్ళు నడుం దాకా ఒక్క ఊపున వచ్చేయి. ప్లాస్టిక్ కుర్చీలు తేలేయి. అధ్యక్షుల వారు బీరువా ఎక్కేరు. మేడం ఫైలు నెత్తిన పెట్టుకుని బల్ల మీద నిలబడ్డారు. మాస్టారు ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలెట్టలేనని ఆయనకి తెలుసు.

"అప్పటికి నాకు పదిహేడేళ్ళు. సినిమా టిక్కెట్టుకి కాయలు అమ్ముదామని చెట్టెక్కేను. కోసి కింద పడేస్తున్నాను. చూసుకునేసరికి కింద నేల లేదు. కాయలన్నీ కొట్టుకుపోయేయి. రెండు రోజులు ఆ చెట్టు మీదే ఉన్నానండీ. వీళ్ళ బొండాలే కొట్టుకు తాగి బతికేను. పడవ వాళ్ళు దింపేక, మండపేట మావయ్య గారింట్లో ఉన్నానని మా అమ్మకి చెప్పేను. అదే మాట మా ఆవిడకీ చెప్పేను. అప్పట్నించీ కొబ్బరి నా గొంతు దిగలేదు."

గుండెలోతు వచ్చి నిలిచేయి. ఎర్రటి గోదావరి నీళ్ళు. వాటి మీద పచ్చికాయలు ఒక్కొక్కటే తేలుకుంటూ గుమ్మంలోంచి లోపలికొచ్చేయి. కుర్చీతో సహా తేలుతున్న శ్రీరాములు గారు ఒక కాయ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసేరు. "మా తోట కాయేనండీ" అన్నారు. "మా నాన్నగారు ఆ దొంగ వెధవెవడా అని పోయేదాకా తిట్టుకున్నారు." కాయ ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే నీళ్ళు వచ్చినట్టేనండీ" అన్నారు నెమ్మదిగా.

మేడం వెంట వచ్చిన సర్వేయరు ఈదుకుంటూ వెళ్ళి గోడ మీద పెన్సిలుతో గీత గీసి టేపు పెట్టేడు. నాలుగున్నర అడుగులు. మేడం బల్ల మీద నించే ఖాళీ గడిలో రాసుకున్నారు, సాక్షి అమ్మిరాజు, కొబ్బరిచెట్టు మీద నించి అని.

అంతా బానే ఉంది గానీ నీళ్ళు పోవే. మాస్టారు తడిసిన కాగితం విప్పి "ముందుగా..." అన్నారు. కదల్లేదు. చెప్పినవాడే తనకి తాను ధన్యవాదాలు చెప్పుకుంటే ఎలా చెల్లుతుంది? బీరువా మీంచి అధ్యక్షుల వారు ప్రయత్నించేరు. లాభం లేదు. "ఎవరికి మేలు జరిగిందో వాళ్ళు చెప్పాలండీ" అన్నాడు జగ్గయ్య, మైకు నెత్తి మీద పట్టుకుని. అందరూ ఆఖరి వరసకేసి చూసేరు.

నాగదుర్గ ఆ గొడవలో లేదు. ఆవిడ బుట్టలో వెండి మెరుపొకటి టపటపా కొట్టుకుంటోంది. పులస. ఒక్కసారి చూస్తే చాలు, గోదావరి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ దాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడింది.

"ధన్యవాదాలండీ" అంది.

నీళ్ళు కదల్లేదు.

"చేతులు జోడించకుండా ధన్యవాదాలేంటమ్మా" అన్నాడు జగ్గయ్య.

నాగదుర్గ పులసని చూసింది. అయిదేళ్ళ నించి దాని కోసమే కదా, కొరుకుడు పడని చరిత్రలన్నీ విన్నది. తర్వాత మాస్టారిని చూసింది. గుండెలోతు నీళ్ళలో, శిష్యుల ఎదురుగా, పెళ్ళాం ఎదురుగా తలొంచుకుని నిలబడి ఉన్నారాయన. చేతులు వదిలేసింది. పులస ఒక్క విసురున నీళ్ళలోకి పోయింది. నాగదుర్గ రెండు చేతులూ జోడించి, "మాస్టారూ, మీకు దండాలండీ" అంది.

పేర్ల జాబితా లేదు, మైకు సెట్టు లేదు. నీళ్ళు గుమ్మంలోంచి ఒక్కసారిగా వెళ్ళిపోయేయి.

ఇంటికెళ్ళే దారంతా సూర్యావతి ముందే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "పడదన్నారు" అంది. "నిజంగానే పడేది కాదు సూర్యావతీ" అన్నారాయన. ఆవిడ లోపలికెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి ఆయన మొహాన పడేసింది. ముప్పై ఏళ్ళ అబద్ధానికి అది పెద్ద శిక్షేమీ కాదు. సోమవారం క్లాసులో ఆయన బల్ల మీద నాలుగు జామకాయలున్నాయి. ఎవరు పెట్టేరని ఆయన అడగలేదు.

గట్టు కింద తోట ఫైలు మీద సంతకం పడలేదు. అరవై కుటుంబాలకీ కాలవ అవతల మెరక మీద స్థలాలిచ్చేరు. నాగదుర్గ అక్కడ రెండు గదులేసుకుంది. పెళ్ళిళ్ళలో, బజార్లో, ఎక్కడ కనబడినా "మీ మూలాన పులస పోయిందండీ మాస్టారూ" అనడం మాత్రం మానలేదు.

మరుసటి ఏడాది శ్రావణంలో పాత గండి దగ్గరే గట్టు మళ్ళీ తెగింది. వరద చూడ్డానికని మాస్టారూ సూర్యావతీ మెరక మీదికి వెళ్ళేరు. నాగదుర్గ అరుగు మీద నించి చూస్తే తోటంతా ఎర్రటి నీళ్ళు, అందులో గుండెలోతున కొబ్బరిచెట్లు. పధ్నాలుగో నంబరు రాయి ఎక్కడ పాతేరో ఆనవాలే లేదు. పిల్లలిద్దరూ అరుగు చివర కాళ్ళు వేలాడేసుకుని, పొడిగా, పోట్లాడుకుంటున్నారు. నాగదుర్గ చాలాసేపు వాళ్ళనే చూసింది. ఈసారి పులస మాట ఎత్తలేదు.

లోపలికెళ్ళి బొండాం కొట్టి తెచ్చింది. "శ్రీరాములు గారు గెల పంపేరండీ. మాస్టారొస్తే ఇమ్మన్నారు, చెట్టెక్కక్కర్లేదని చెప్పమన్నారు."

సూర్యావతి భర్త మొహంలోకి చూస్తూ నిలబడింది. అమ్మిరాజు మాస్టారు బొండాం రెండు చేతులా పట్టుకుని, ఎత్తి, ఆగకుండా తాగేరు. గడ్డం మీంచి కారి చొక్కా తడిసింది. ఆయన తుడుచుకోలేదు.

"ఇంకోటి కొట్టనా మాస్టారూ?" అంది నాగదుర్గ.

"కొట్టమ్మా" అన్నారాయన.