తొమ్మిదో గడి

శనివారమంటే నాకు గంజి. అయ్యగారి తెల్ల అంగీ మెడ నుంచి మడిమెల దాకా ఉంటది. గంజి పల్చగైతే మోకాళ్ళ కాడ ముడతలు పడ్తది, చిక్కగైతే ఆయన నడుస్తుంటే చప్పుడైతది. అంగీ ఆరేసినంక కిస్‌మిస్ నానబెట్టి, మరిగించి, గుడ్డల పిండి, చర్చిల అందరికి పంచే ప్రభువు బల్లకు రసం తీస్త. రొట్టె కాలుస్త. ఆదివారం పొద్దుగాల ఎవ్వలు రాకముందే అవన్నీ చర్చికి తీసుకపోయి బల్ల మీద సర్ది, వెనుకకొచ్చి ఆడోళ్ళ చాప మీద కూసుంట. ఆరాధన మొదలైనంక ఆ బల్ల అయ్యగారిది. అయ్యగారంటే మా చర్చి పాస్టరు, మా ఆయన దశరథం.

"అయ్యగారమ్మ కాల్చిన రొట్టె నోట్లె వేస్తే కరిగిపోతది" అంటరు మా సంఘపోళ్ళు. నేను నవ్వుత. నవ్వు ముఖానికి వస్తది, లోపలికి పోదు. ఎప్పటి నుంచి ఇట్లైందో గుర్తు లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు మనదే అయినా మనది కానట్టుంటది చూడు, అట్ల.

నేను సుల్తానాబాదుల రైసుమిల్లు హమాలీ బిడ్డను. మా ఇంట్ల బి.ఏ. చదివినదాన్ని నేనే మొదలు. కరీంనగర్ల హాస్టల్ల ఉండి చదివిన. బాపు నా డిగ్రీ కాయిదానికి పటం కట్టించి ఏసుప్రభువు పటం పక్కన పెట్టిండు. తర్వాత ఏడాదికి పెండ్లి. దశరథం అప్పుడు పదో తరగతి పాసై, చెన్నూరు అవుతల గోదారి ఒడ్డు పొంటి మూడు ఊర్లల్ల వాక్యం చెప్పే బోధకుడు. మంచోడే. తాగడు, కొట్టడు. ఈ రెండు మాటలు చెప్తే, ఇగ నీకేం తక్కువ అంటరు అందరు. చాన్నాళ్ళు నేను గూడ అన్న.

డెబ్బై ఏడుల ఆయనను అయ్యగారి చదువుకు పంపుతమని పై పెద్దల దగ్గరి నుంచి కాయిదం వచ్చింది. మూడేండ్లు, పట్నంల. ఆయన రాత బాగుండదని ఫారం నేనే నింపిన. అందుల తొమ్మిదో గడి: "శిక్షణ కాలంలో కుటుంబ, సంఘ బాధ్యత వహించువారు." భార్య అని రాసిన. నన్ను ఎవ్వలు అడగలే. నన్ను నేను గూడ అడుక్కోలే. అప్పుడు నాకు నాలుగో నెల.

ఆ మూడేండ్లు పిల్లను చంకనేసుకొని మూడు ఊర్లు తిరిగిన. ఆదివారం ప్రార్థన చేయించిన, వాక్యం చెప్పిన, బడికి రాని పిల్లలకు అక్షరాలు దిద్దించిన, జరమొచ్చినోళ్ళ ఇంటికి జావ కాసి తీసుకపోయిన. రెండో వానకాలం దేవవ్వ సచ్చిపోయింది. ముసలిది, వెనుకా ముందు ఎవ్వలు లేరు. గోదారి పొంగి బస్సులు బందైనయి, చెన్నూరు అయ్యగారు వచ్చే తొవ్వ లేదు. రెండు దినాలు చూసి, పుస్తకం పట్టుకొని నేనే ముందట నడిచిన. వానల, బురదల నిలబడి 'మట్టికి మట్టి' అనే సమాధి మాటలు చదివిన. చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది. గా దినం నేను నిండుగ ఉన్న. తర్వాత మళ్ళ అట్ల ఎన్నడు లేను.

ఇంటికొచ్చి సమాధుల రిజిస్టరు తీసిన. "జరిపించినవారు" అన్న కాడ పెన్ను పెట్టంగనే సంఘపెద్ద హనుమండ్లు అన్నడు: "అమ్మా, ఆడోళ్ళ పేరుంటే పైనుంచి సవాలొస్తది. పరేషాన్ ఎందుకు, నా పేరు రాయుండ్రి." రాసిన. నా చేతితోనే రాసిన.

మా ఆయన చదువై వచ్చిండు, అభిషేకమైంది, దానియేలు దశరథం అయ్యగారైండు. మొదటి ఆదివారం ముందు దినం అన్నడు: "ఇగ నువ్వు ముందటికి రాకు నర్మదా, బాగుండదు. నలుగురి ముందట నన్ను 'మీరు' అను." సరే అన్న. మా అత్త ఐలవ్వ సంబరపడ్డది. "మొగడు దేవుని పనికి పోతే, ఆని బువ్వ వండుడే ఆడిదాని దేవుని పని. ఇంకేం గావాలె బిడ్డా" అన్నది. ఆమె చెడ్డది కాదు. ఆమెకు గా బువ్వ వండుడు తప్ప ఎవ్వలు ఏం చెప్పలే.

పదిమందిల మాట్లాడేది ఆయన, ఆ మాటలు నోటుబుక్కుల రాసేది నేను. ఉత్తరాలు, రిపోర్టులు, చదువుకు పోయే మొగపిల్లల సిఫారసులు అన్నీ నేనే రాస్త. కుప్ప ముందట పెడ్త. "ఎక్కడ?" అంటడు. వేలు పెడ్త. నా వేలి కాడ సంతకం పెడ్తడు. చదువడు. ఇన్నేండ్లల ఒక్కటి చదువలే.

ఈ మంగళవారం కవరొచ్చింది. ఆయన పైపైన చూసి నవ్విండు. "ఈ ఏడు నుంచి ఆడోళ్ళను గూడ అయ్యగారి చదువుకు తీసుకుంటరట. ఆడోళ్ళకైతే డిగ్రీ ఉండాలెనట, ముప్పై ఐదు నిండొద్దట. మన దిక్కు డిగ్రీ ఉన్న ఆడోళ్ళు ఎవ్వలున్నరు?" అని కవరు నా చేతిల పెట్టి కాళ్ళు కడుక్కునేటందుకు పోయిండు.

దెప్పి అన్నది కాదు. నిజంగనే యాది లేదు. నా డిగ్రీ పటం బల్ల గుడ్డల కింద, ట్రంకుపెట్టెల ఉన్నది. నాకు వచ్చే మార్చికి ముప్పై ఐదు. ఫారం సోమవారం దాకనే తీసుకుంటరు. కోపం వస్తదేమో అని చూసిన, రాలే. అన్నం పెట్టిన. తిన్నడు.

ఇయ్యాల శనివారం. పిల్ల బడికి పోయింది. గంజి పెట్టి చేతులు తుడుసుకుంటుంటే ముత్తయ్య వచ్చిండు, పెండ్లాం బాలలక్ష్మిని తీసుకొని. సంఘంల పాటలు పాడే పిలగాడు, ఇంటర్ చదివిండు, అయ్యగారి చదువుకు పోతనంటుండు. బాలలక్ష్మికి ఆరో నెల. గోడకు ఆనుకొని కూసున్నది. నేను ఫారం నింపుకుంట పోయిన.

"దేవుని పిలుపు ఎప్పుడు కలిగింది ముత్తయ్యా?"

"కలల వెలుగు కనబడ్డదమ్మా."

"ఎప్పుడు?"

"పోయిన క్రిస్మసుకు ముందు. తారీకు కావాల్నా?"

"తారీకు అడగలేదు తీ."

తొమ్మిదో గడి వచ్చింది. పెన్ను ఆగింది. బాలలక్ష్మి దిక్కు చూసిన.

"బాధ్యత ఎవ్వలు తీసుకుంటరని అడుగుతుండ్రు. నువ్వు తీసుకుంటవా?"

ఆమె మొగని ముఖం చూసింది. "గది నన్నెందుకు అడుగుతుండ్రమ్మా? రాయుండ్రి" అన్నది.

"నీకెట్లున్నది?"

"నాకెట్లుంటదమ్మా?" అన్నది. విసుగు లేదు, బాధ లేదు. ఆ గొంతు నాకు తెలుసు. అది నాదే, పదకొండేండ్ల కిందటిది.

వాళ్ళు పోయినంక ఇస్త్రీపెట్టెల బొగ్గులు రాజుకునే లోపల మంగళవారం కవర్ల నుంచి ఇంకో ఫారం తీసిన. పేరు, నర్మద. చదువు, బి.ఏ. దేవుని పిలుపు ఎప్పుడు కలిగింది అన్న కాడ కలలు రాయలే, దేవవ్వను మట్టి చేసిన దినం రాసిన. జరిపించినవారి పేరు గూడ ఈసారి సరిగ్గ రాసిన. అన్ని గడులు నింపినంక కిందికి చూసిన: "సంఘ కాపరి సిఫారసు, సంతకం."

మా ఆయన వచ్చి కుర్చీల కూసున్నడు. ఐలవ్వ గడప కాడ చాటల బియ్యం ఏరుతున్నది. రెండు ఫారాలు ఒకదాని మీద ఒకటి పెట్టిన.

"ఎక్కడ?" అన్నడు.

ముత్తయ్యది చూపిచ్చిన. పెట్టిండు. రెండోది పైకి తీసిన.

"ఎక్కడ?"

నా వేలు అలవాటుగ గడి మీదికి పోయింది. ఒత్తితే అయిపోతది. కాయిదం సోమవారం చేరుతది, ఆయనకు ఎప్పుడో తెలుస్తది, అప్పుడు చూసుకోవచ్చు. వేలు వెనుకకు తీసుకున్న.

"చదివి పెట్టు" అన్న.

"ఏందది?"

"చదువు. ఇన్నేండ్లల ఏది చదువుమనలే. గిది ఒక్కటి చదువు."

ఐలవ్వ చాట చప్పుడు ఆగింది. ఆయన నా ముఖం చూసిండు, అద్దాలు తుడుసుకొని పెట్టుకున్నడు. చదువుతుంటే పెదవులు కదులుతయి ఆయనకు. పేరు కాడ ఒకసారి ఆగి మళ్ళ కదిలినయి. చదువు కాడ ఆగినయి. దేవవ్వ కాడ చానసేపు ఆగినయి. ఇస్త్రీపెట్టె వేడెక్కిన వాసన వస్తున్నది, అంగీ తాడు మీదనే ఉన్నది. నేను లేవలే.

ఆయన వేలు ఒక్కొక్క గడి దిగి తొమ్మిదో దాని మీదికి వచ్చింది. కుటుంబ, సంఘ బాధ్యత వహించువారు. అక్కడ నేను ఒక్కటే మాట రాసిన.

భర్త.