టవరు ముందా, నీళ్ళాటలు ముందా

పార్కు మ్యాపు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసినవాళ్ళు లేరు. మ్యాపుని బల్లంతా పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు బరువుకి పెట్టింది మేనేజరు. మేనేజరంటే ఏ ఆఫీసులోనో మేనేజరు కాదు, ఆ ఇంటి పదేళ్ళ పిల్ల. ఒక్కగానొక్క కూతురు. మాటలు వచ్చిన నాటినుంచీ అందరికీ పనులు పురమాయిస్తోంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు గ్లాసు తీసి మంచినీళ్ళు తాగాలన్నా ఆవిడగారి అనుమతి కావాలి. మిగతా ముగ్గురూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూచుని తింటున్నారు.

ఆదివారం ఒక్కరోజులో అంతా చూసి రావాలి. పార్కేమో ఈ చివర నిలబడితే ఆ చివర కనపడనంత. బుల్లి రైళ్ళు, పడవలు, దయ్యాల బంగళా, నీళ్ళ జారుడుబల్లలు, అన్నిటికీ నడుమ టవరు. టవరంటే ఆకాశంలోకి లేచిన ఒక స్తంభం. దాని చుట్టూ కుర్చీలు. మనుషుల్ని అందులో కూచోబెట్టి, కట్టేసి, మెల్లగా కొసదాకా ఎత్తి, అక్కడ కాసేపు ఉంచి, ఒక్కసారిగా కిందికి వదిలేస్తారు. జనం టికెట్టు కొనుక్కుని మరీ ఈ పని చేయించుకుంటారు.

"ముందు టవరు. జనం రాకముందే ఎక్కెయ్యాలి. నాన్నకి అదే ఇష్టం" అంది మేనేజరు.

ఇష్టం మాట దేవుడెరుగు, నాన్న కలిపిన ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

ఆయన పెయింటరు. గదులకి రంగులేసే పెయింటరు కాదు. ఎత్తయిన భవనాల మీదనుంచి తాళ్ళకి వేలాడే తొట్టిలో నిలబడి బయటి గోడలకి రంగులేసే రకం. మా నాన్న పక్షులకంటే పైనుంటాడని మేనేజరు బడిలో చెప్పని పిల్ల లేదు. టీచర్లకి కూడా చెప్పింది. ఆయన ఆ ముక్కని ఎన్నడూ కాదనలేదు. కాదనే అవసరమూ రాలేదు, మొన్న వానలు తగ్గేదాకా.

వానలు తగ్గాక ఒక కొత్త భవనం మీద పని మొదలైంది. మొదట్లోనే ఒకరోజు తొట్టికి ఒకవైపు తాడు జారింది. తొట్టి ఒరిగింది. ఆయనా, జతగాడు లంబూ కమ్మీ పట్టుకుని కాసేపు వేలాడారు. పైవాళ్ళు తాడు సరిచేశారు. అంతే, ఎవరి ఒంటిమీదా చిన్న గీత కూడా పడలేదు. లంబు కిందికి దిగి, టీ తాగి, తిట్టాల్సినవాళ్ళందర్నీ పేరుపేరునా తిట్టి, మర్నాడు మళ్ళీ ఎక్కాడు. ఈయన ఎక్కలేకపోయాడు. తొట్టిదాకా వెళ్ళాడు, కమ్మీ మీద చెయ్యి వేశాడు, వెనక్కొచ్చేశాడు. కాలో చెయ్యో విరిగుంటే చూపించుకోవడానికి ఒక కట్టయినా ఉండేది. ఏమీ జరగనిదానికి భయపడ్డానని ఎవరితో చెప్పుకుంటాడు?

ఎత్తు మీద పనిచేసేవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంది. దిగిపోయినవాడు భయం అన్న మాట ఎత్తడు, "మెడ పట్టేసింది" అంటాడు. అవతలివాళ్ళు "అయ్యో, జాగ్రత్త" అంటారు. ఆపైన ఎవరూ ఏమీ అడగరు. ఈయన కూడా మేస్త్రితో అలాగే మెడ పట్టేసిందన్నాడు. మేస్త్రి తలూపి, లోపల సీలింగులకి రంగు వెయ్యమన్నాడు. పొద్దస్తమానం తలెత్తి చెయ్యాల్సిన పని మెడ పట్టేసినవాడికి అప్పజెప్పాడంటే, సంగతి మేస్త్రికి అర్థమైనట్టే.

ఇంట్లో మాత్రం మెడ సంగతి కూడా చెప్పలేదు. బయటి గోడలకి ఇటుకరంగు వేస్తున్నారు, సీలింగులకి తెలుపు. అందుకని రోజూ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు చిన్న బ్రష్షుతో కాస్త ఇటుకరంగు తీసుకుని చొక్కా చేతులకి వేసుకునేవాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే మేనేజరు ఆ రంగు చూసి, "ఇవాళ ఎంత పైకెళ్ళావు నాన్నా?" అనేది. "చాలా" అనేవాడు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ సిగ్గేసేది. మర్నాడు మళ్ళీ బ్రష్షు తీసేవాడు.

ఇప్పుడీ టవరు వచ్చి పడింది.

"టవరు తరవాత చూద్దాంలే. ఎండెక్కకముందే నీళ్ళాటలకి పోదాం" అన్నాడు.

"ఎండెక్కాకే కదా నాన్నా నీళ్ళు బాగుండేది?"

"పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కితే కళ్ళు తిరుగుతాయి."

"తిని ఎక్కితే డోకొస్తుంది."

"గాలి ఎక్కువగా ఉంటే టవరు ఆపేస్తారటమ్మా."

"పొద్దున గాలుండదని నువ్వేగా చెప్పావు! పొద్దుటి పూట తొట్టి అసలు కదలదని."

చెప్పాడు. ఏళ్ళ తరబడి చెప్పుకున్న గొప్పలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే ఎదురు తిరుగుతున్నాయి. ఇక మిగిలిన ఆయుధం అత్తగారు. ఆవిడ వీళ్ళతోనే ఉంటారు. బల్లి కనపడితే కుర్చీ ఎక్కే మనిషి. ఎక్కాక దిగడానికి ఇంకొకరు కావాలి.

"అత్తయ్యగారొక్కరే ఆ తోపులాటలో కింద ఎలా కూచుంటారు? ఆవిడకి తోడుగా నేనుంటాను. మీరిద్దరూ ఎక్కి రండి."

టీవీ చూస్తున్న అత్తగారు చప్పున ఇటు తిరిగారు. "మధ్యలో నన్నెందుకు లాగుతారు బాబూ? నేనూ ఎక్కుతాను."

"మీకు మోకాళ్ళ నొప్పులు కదా!"

"కూచోబెట్టేగా ఎత్తేది, మోకాళ్ళతో ఏం పని? ఈ వయసులో నన్ను ఎత్తి కూచోబెట్టేవాళ్ళు మళ్ళీ ఎక్కడ దొరుకుతారు? నేను వదలను."

మేనేజరు చప్పట్లు కొట్టింది. తరవాత తండ్రి పక్కకొచ్చి కూచుని, గొంతు తగ్గించి అడిగింది. "నాన్నా, కొసన ఆపుతారు కదా, అప్పుడు కిందికి చూడాలా, దూరంగా చూడాలా? నాకు కొంచెం భయంగానే ఉంది. ఎవరికీ చెప్పకు. నువ్వు పక్కనుంటావుగా, నీ చెయ్యి పట్టుకుంటాను."

"దూరంగా చూడాలి" అన్నాడు ఆయన. పళ్ళెం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

భార్య అక్కడ గిన్నెలు సర్దుతోంది. పగలంతా మందుల షాపులో నిలబడి వచ్చిన మనిషి, అక్కడ మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో మాట పొదుపు. వెనక్కి తిరగకుండానే, "చెప్పెయ్యండి" అంది.

"ఏం చెప్పాలి?"

ఆవిడ చేతులు తుడుచుకుని, ఉతికే బట్టల బుట్టలోంచి ఆయన చొక్కా తీసి దులిపింది. "గాలికి పడ్డ రంగు చినుకుల్లా ఉంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అవే ఉతుకుతున్నాను. ఇదేమిటి? తలుపుకి అంచు వేసినట్టు! ఎక్కడా వంకర లేదు, ఎక్కడా దాటలేదు. పైగా భుజాలనిండా తెల్లచుక్కలు."

ఆయన చొక్కా వైపు చూశాడు. నిజమే. చేతికి బ్రష్షిస్తే అడ్డదిడ్డంగా పూసుకోవడం ఆయన వల్ల కాలేదు. అబద్ధాన్ని కూడా నీటుగా, రెండు కోటింగులు వేసుకొచ్చాడు మహానుభావుడు.

"తెలిసీ అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి." చొక్కా మళ్ళీ బుట్టలో పడేసింది. "ఆదివారం ఆ స్తంభం కింద, అంతమందిలో పిల్లకి తెలియడం కంటే ఇవాళ ఇంట్లో తెలిస్తే నయం. నేను చెప్పను. మీ నోటితోనే చెప్పాలి."

"నన్ను చూసి నవ్వుతుందేమో."

"నవ్వదు. ఏడిస్తే ఏడుస్తుంది. అయినా చెప్పాలి."

వెళ్ళి చెప్పాడు. బల్ల దగ్గర నిలబడి, మ్యాపు వైపు చూస్తూ చెప్పాడు. తాడు సంగతి, ఒరిగిన సంగతి, ఎక్కలేకపోతున్న సంగతి. మెడ పట్టేసిందనలేదు, భయమనే అన్నాడు. అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

మేనేజరు వేలు టవరు బొమ్మ మీదే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి?"

"వానలు తగ్గినప్పట్నుంచి."

పిల్ల మనసులో ఏవో లెక్కలు వేసుకుంది.

"మరి నాకు చెయ్యి ఊపేదెవరు?"

ఎవరికీ అర్థం కాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది. ఆ భవనం ఒక పక్క గోడ బడి ఆటస్థలంలోంచి కనిపిస్తుంది. కొన్నాళ్ళ కిందట తొట్టి ఆ పక్కకి వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టగానే మేనేజరు ప్రహరీ దగ్గరికి పరిగెత్తి, తొట్టిలో ఉన్న మనిషికి చెయ్యి ఊపుతుంది. పైనుంచి ఆ మనిషి కూడా ఊపుతాడు. రోజూ. క్లాసు పిల్లలంతా పక్కనే నిలబడి చూస్తారు.

"ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదేమ్మా?" అంది తల్లి.

"చెప్పడమెందుకు? నాన్నకి తెలుసుగా అనుకున్నాను. ఊపేది ఆయనేగా."

గ్లాసులు ఒక్కొక్కటే తీసింది. మ్యాపు దానంతటదే చుట్టుకుపోయింది. పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తొట్టి ఒరిగిననాడు కూడా ఆయన గుండె అంతలా జారలేదు.

మర్నాడు మధ్యాహ్నం లంబు కిందికి దిగేదాకా కాచుక్కూచున్నాడు. అసలే పొడుగు మనిషి, అన్నం డబ్బా పట్టుకుని నేలమీద కూచోవడానికే లంబుకి కాసేపు పడుతుంది. కుదురుకున్నాక అడిగాడు. "ఆ బడి వైపునుంచి నీకెవరైనా చెయ్యి ఊపుతారా?"

"ఎవరో పిల్ల. రోజూ ఊపుతుంది. నేనూ ఊపుతాను. ఏం, ఊపకూడదా?"

"ఎవరో తెలుసా?"

"అంత కిందున్నవాళ్ళు ఎవరో ఎలా తెలుస్తుందిరా? నీకు తెలీనిదా!" డబ్బా మూత తీస్తూ ఆగాడు లంబు. "ఇవాళ రాలేదు పాపం. ఒంట్లో బాగాలేదేమో."

మా అమ్మాయే అని చెప్పబోయాడు. చెప్పకుండానే లేచాడు. లంబు పక్కనున్న టీ గ్లాసు నిండుగానే ఉన్నా, ఇంకో టీ తెచ్చి పెట్టాడు. వెళ్ళబోతూ ఒకసారి తలెత్తి తొట్టిని చూశాడు. లోపలికి పోయి రోలరు అందుకున్నాడు.

ఆ సాయంత్రం బ్రష్షు ముట్టుకోలేదు. భుజాల మీద తెల్లచుక్కలతో, చేతుల మీద ఏ రంగూ లేకుండా ఇంటికొచ్చాడు. మ్యాపు మళ్ళీ బల్ల మీద పరిచి ఉంది. మేనేజరు చొక్కా వైపు చూసింది. ఎంత పైకెళ్ళావని అడగలేదు.

"ఆయన పేరేంటి?" అంది. నిన్నటి తరవాత అదే మొదటి మాట.

"లంబు అంటాం."

"నేనెవరో ఆయనకి తెలుసా?"

"తెలీదు. ఎవరో పిల్ల అనుకుంటున్నాడు. ఇవాళ రాలేదేమని బెంగపెట్టుకున్నాడు."

"ఎవరో తెలీకుండానే రోజూ ఊపాడా?"

"అవును."

అత్తగారు టీవీకి అతుక్కుపోయినట్టు కూచున్నారు గానీ, అందులో వస్తున్నది ఆవిడకి బొత్తిగా అక్కర్లేని వార్తలు. మేనేజరు పెన్సిలు తీసుకుని మ్యాపు మీద టవరు పక్కన చిన్న సున్నా చుట్టింది.

"ఆదివారం ముందు టవరే. నేనూ అమ్మా అమ్మమ్మా ఎక్కుతాం. నువ్వు ఇక్కడ నిలబడాలి."

"అలాగే."

"పైనుంచి చూస్తే అది నువ్వేనని నాకు తెలుస్తుందా?"

తెలుస్తుందనేస్తే పోయేది. పిల్ల నమ్మేది కూడా. "తెలీదమ్మా" అన్నాడు ఆయన. "మొహం ఆనదు. అందరూ ఒకేలా, తలలూ భుజాలే కనిపిస్తాయి. చెయ్యి ఊపితే మాత్రం కనిపిస్తుంది."

"కింద అందరూ ఊపుతారుగా."

అదీ నిజమే. పిల్ల పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది.

"లంబు అంకుల్ ఎప్పుడూ ఒక్క చెయ్యే ఊపేవాడు. ఎందుకు?"

"రెండో చెయ్యి కమ్మీ మీద ఉండాలి. పైన ఉన్నవాడు అది వదలకూడదు."

"నువ్వు కిందేగా ఉండేది" అంది మేనేజరు. "నువ్వు రెండూ ఊపు."