బుగ్గయ్య చెప్పిన పట్నం

సిద్దమ్మ హయత్‌నగర్ దాటి ఎన్నడూ పోలేదు. అయినా హైదరాబాదు పట్నం ఆమెకు కొట్టినపిండి. పెనిమిటి బుగ్గయ్య ఇబ్రహీంపట్నం పెద్దచెరువు చేపలను బుట్టకెత్తుకొని నెలకు రెండుసార్లు పట్నం పోయేవాడు. మూడో రోజుకు ఖాళీ బుట్టతో వచ్చి, కాళ్లు కడుక్కొని, గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఇక చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద పాలు మరగబెట్టే ముసలాయన, గాజుల బజారులో ఆరువేళ్ల మనిషి, సందు చివర తలుపు మీద నీలం గుర్రం బొమ్మ, పొద్దుగూకినాక మిద్దె మీద కవ్వాలీ పాడేవాళ్లు... సిద్దమ్మ కళ్లు మూసుకుంటే ఆ వీధులన్నీ కదిలేవి.

రజాకార్ల ఏడాది ఎండాకాలంలో బుట్టెత్తుకొని పోయిన బుగ్గయ్య మళ్లీ రాలేదు. వానలు పడ్డాయి. యూనియన్ పటాలాలు వచ్చి నిజాం లొంగిపోయాడు. పట్నంలో కర్ఫ్యూ తీసేశారు. జైళ్లలోంచి కొందరు ఇళ్లకు చేరారు. బుగ్గయ్య రాలేదు.

మాఘమాసంలో ఆమె మరిది జానయ్యను పట్టుబట్టి బయలుదేరదీసింది. "పట్నంల ఆయన తిరిగిన జాగలన్నీ నాకెరికే. అడుక్కుంట పోదాం" అంది. జానయ్య ఒప్పుకున్నాడు గాని, అన్న దొరుకుతాడని అతనికి ఆశ లేదు.

సరూర్‌నగర్ దాకా బండి మీద, అక్కణ్ణుంచి నడక. మూసీ ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. జానయ్య దారి అడగబోతే సిద్దమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది. "అడుగుడెందుకు? ఇట్లనే సీదా పోవాలె."

పత్తర్‌గట్టి కమానులు నిజంగానే ఉన్నాయి. సగం దుకాణాలకు తాళాలు పడి ఉన్నాయి. నాలుగో కమాను కింద ఇత్తడి గంగాళం, దాని వెనుక తెల్లగడ్డం ముసలాయన. మీగడ తీసి ఆకులో పెట్టి, పైన చక్కెర చల్లి ఇచ్చాడు. ఆ రుచి కూడా సిద్దమ్మకు తెలిసినట్టే ఉంది.

"తాతా, చేపల బుట్ట పెట్టుకొని ఒకాయన వస్తుండె. ముక్కు మీద గాటు ఉంటది. యాదికున్నడా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "చేపల బుట్టతోని ఈడ నిలబడనిస్తనా బిడ్డా? పాలకు వాసన పట్టదా? అసొంటోడు ఎన్నడు రాలే."

గాజుల బజారులో ఆరువేళ్ల మనిషి కూడా ఉన్నాడు. బొగ్గుల మీద లక్క మెత్తబరుస్తూ, ఆ ఆరో వేలితోనే అద్దంముక్కలు అద్దుతున్నాడు. అతనూ బుగ్గయ్యను చూడలేదన్నాడు. "చెయ్యి ఇట్ల ఇయ్యి అమ్మా, కొలత చూస్త" అని మణికట్టు పట్టుకోబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గాజులు వేసుకోవాల్సిన మనిషో, తీసేయాల్సిన మనిషో ఆమెకే తెలియదు.

జానయ్యకు భయం పట్టుకుంది. ఎన్నడూ చూడని ఊళ్లో వదినె మలుపు మలుపుకూ ముందే చెప్తోంది: ఇక్కడ బావి ఉంటది, ఇక్కడ గోడ కూలి ఉంటది అని. చెప్పినవన్నీ ఉంటున్నాయి. చెప్పిన మనిషిని మాత్రం ఒక్కరూ ఎరగరు.

"వదినె, పోదాం పా. నాకు మంచిగ అనిపిస్తలేదు. అన్న ఆత్మ గిట్ల తిరిగిందేమో ఈడ."

"బతికున్నప్పుడే చెప్పిండు కదా. ఆత్మ ఎట్లయితది?" అంది గాని, ఆమె కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

సందు చివర నీలం గుర్రం తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి, రంగుల వాసన, పైకి కర్రమెట్లు. సిద్దమ్మ ఎక్కుతూ ఎక్కుతూ అయిదో మెట్టు వదిలేసి ఆరో దాని మీద కాలు వేసింది. వెనకాల జానయ్య అయిదో మెట్టు మీద కాలు పెట్టి తూలిపడ్డాడు. అది విరిగి ఉంది.

పైన దీపం పట్టుకొని నిలబడ్డ మనిషి అదంతా చూశాడు. పేరు కాశయ్య. దేవుడి పటాలకు, కొయ్యబొమ్మలకు రంగులు వేస్తాడు.

"ఎవరు బిడ్డా నువ్వు? ఆ మెట్టు విరిగిందని నీకెట్ల ఎరిక?"

"మా ఆయన చెప్పిండు బాపు. ఇబ్రహీంపట్నం బుగ్గయ్య. ఈడికి వస్తుండె."

"మా ఇంటి మెట్లు ఎక్కినోళ్లు ఎవరు లేరు. నేను, నా కొడుకు, అంతే." ఆయన దీపం పైకెత్తి ఆమె మొహం చూశాడు. "ఇంకేం చెప్పిండు?"

ఆమె చెప్పింది. మిద్దె కిటికీలోంచి కవ్వాలీ వినిపిస్తుందని, తెల్లవార్లూ వింటూ పండుకుంటే దీపం ఆర్పమని నాయన కోప్పడతాడని చెప్పింది. అంటూనే ఆగిపోయింది. బుగ్గయ్యకు తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు.

కాశయ్య కూలబడ్డాడు. తలుపు మూయమని జానయ్యకు సైగ చేసి, గొంతు తగ్గించాడు. "నా కొడుకు శ్రీపాల్. మూడేండ్ల కింద నిజాం మీద, దొరల మీద కొట్లాడే సంఘంల కలిసిండు. రాచకొండ గుట్టలల్ల ఉన్నడని ఒక్క చీటి వచ్చింది. రజాకార్లు ఆని కోసం వచ్చిన్రు. నిజాం పోయినా సంఘపోళ్ల కోసం ఇప్పుడు మిలిటరోళ్లు వస్తున్నరు."

జానయ్య మెల్లగా అన్నాడు. "అన్న బుట్ట ఎత్తుకుని ఎప్పుడు తూర్పు దిక్కే పోతుండె వదినె. అడ్డదారి అనుకున్న నేను."

వాళ్ల ఊరికి పట్నం పడమర. గుట్టలు తూర్పు. సిద్దమ్మకు అంతా ఒక్కసారే అర్థమైంది. తన మొగుడు ఈ ఊరు కన్నెత్తి చూడలేదు. చేపలు గుట్టల్లోకే మోశాడు. అక్కడ ఈయన కొడుకు ఇల్లు తలచుకొని తలచుకొని చెప్పినవన్నీ మోసుకొచ్చి తనకు చెప్పాడు.

"అన్నిటికన్న ఎనక ఎప్పుడు చెప్పిండు?" అన్నాడు కాశయ్య.

ఆ ప్రశ్న ఎటు పోతుందో ఆమెకు తెలిసింది; ముచ్చట్లు ఎప్పుడు ఆగాయో, వాటిని చెప్పిన కొడుకు అప్పుడే పోయి ఉండాలి. అబద్ధమాడదామా అనుకుంది. కాని ఆ ముసలి మొహం చూస్తూ ఆడలేకపోయింది.

"ఉగాది దాంక చెప్పిండు బాపు. ఎనక ఒక్కపారి వచ్చినప్పుడు పట్నం ముచ్చట చెప్పు అంటే, ఇగ చెప్పేటందుకు ఏం లేదు అన్నడు. ఆ రాత్రి తిండి ముట్టలే. పదిదినాలకు మళ్ల పోయిండు. అటెన్క రాలే."

ఎదురు మిద్దె మీద డోలక్ మోగింది. కింద బజారులో దీపాలు వెలిగాయి. పూలమ్మేవాళ్ల కేకలు, జట్కాల చప్పుడు. కాశయ్య ఏడవలేదు. ఎండిన కుంచెను నీళ్లలో ముంచి, తీసి, మళ్లీ ముంచాడు.

"ఏం తిన్నడో బిడ్డా ఆ గుట్టలల్ల."

"మా చెరువు చేపలు తిన్నడు బాపు."

"వాడు చేప ముట్టడు. మా ఇంట్ల వండం."

"బుట్ట ఎప్పుడు ఖాళీగనే వచ్చేది" అంది సిద్దమ్మ.

ఆయన తల ఊపాడు. కాసేపటికి లేచి, వాళ్ల కోసం చాప పరిచి, దీపం ఆర్పకుండా కిటికీ దగ్గర పెట్టాడు.