మందు కలిపిన డ్రమ్ము

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును. అడుగున ఒక కొళాయి, పైన ఒక మూత, మధ్యలో బోలెడంత పొట్ట. ఫ్యాక్టరీ నుంచి బయటపడగానే నన్ను ఒక వంట కాంట్రాక్టరు కొన్నాడు. పెళ్ళిళ్ళలో మజ్జిగ మోశాను. ఆ రోజుల్లో నన్ను అనుమానించినవాళ్ళు లేరు. మజ్జిగ పల్చగా ఉందని తిట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు.

గోదావరికి వరదొచ్చి లంక ఊళ్ళు మునిగినప్పుడు కాంట్రాక్టరు నన్ను పునరావాస శిబిరానికి ఇచ్చేశాడు. శిబిరమంటే హైస్కూలు. అక్కడ నర్సు సత్యవేణి నన్ను శుభ్రంగా తోమి, వరండాలో పెట్టి, నీళ్ళు నింపి, క్లోరిన్ బిళ్ళలు వేసింది. ఆపైన మైకు పట్టుకుని, "డ్రమ్ములో మందు కలిపామండీ! అందరూ ఆ నీళ్ళే తాగండి!" అంది.

అంతే, కొంప మునిగింది. మా వైపు 'మందు తాగాడు' అంటే రెండే అర్థాలు: ఒకటి బ్రాందీ షాపుకి వెళ్ళొచ్చాడని, రెండోది పురుగుల మందు మింగాడని. మగవాళ్ళు కొందరు గ్లాసులతో ఉరుక్కుంటూ వచ్చి, ఒక గుక్క తాగి, మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు నా వాసన చూసి పిల్లల్ని దూరంగా లాక్కుపోయారు. నాకు ఒళ్ళు మండింది.

పల్లాలమ్మ అనే ముసలావిడ మనవరాలు మౌనిక అప్పటికే విరేచనాలతో వాడిపోయి బెంచీ మీద పడి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళే పడవ ఇంకా రాలేదు. సత్యవేణి నా నీళ్ళలో ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి తెస్తే, పల్లాలమ్మ గ్లాసుకి చెయ్యడ్డం పెట్టింది.

"మందునీళ్ళు నా పిల్లకి పట్టనివ్వనండి. గోదారి నీళ్ళే తాగిత్తాను."

ఆ గోదారి నీళ్ళలో ఏమేం కొట్టుకొస్తున్నాయో నాకు కనబడుతూనే ఉంది. పిల్ల ఏమైపోతుందోనని భయమేసింది. అరుద్దామంటే నాకున్నది కొళాయే గానీ నోరు కాదు.

సత్యవేణి ఆవిడ పక్కన చతికిలబడింది. "మామ్మగారూ, ఎర్రనీళ్ళొచ్చినప్పుడు బిందెలో ఏం తిప్పుతారండి?"

"పటిక."

"ఇదీ అలాంటిదేనండి. పటిక మట్టిని దింపుద్ది, ఇది రోగాన్ని చంపుద్ది. మందని నోరు జారానండి."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదమ్మా!" అంటూ పల్లాలమ్మ గ్లాసు లాక్కుని, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఎవరైనా నా దగ్గర ముక్కు మూసుకుంటే "పటికేనర్రా, తాగండి!" అని గదిమేది. పుస్తకాలు చదివినవాళ్ళు ఒప్పుకోరేమో గానీ, నాకు ఆ పేరు నచ్చింది. బిందెల వరసా పెరిగింది.

వరద తీస్తున్న వేళ ఒక చిన్న చెయ్యి నా కొళాయి తిప్పింది. తల కూడా ఎత్తలేకపోయిన మౌనికే! నీళ్ళు ధారగా కారుతుంటే పాదాలు తడుపుకుంటూ నవ్వుతోంది. "తాగే నీళ్ళే పిల్లా అయ్యి!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చిన పల్లాలమ్మ, కొళాయి కట్టెయ్యడం మరిచిపోయి, పిల్లని గుండెకి అదుముకుని ఏడ్చేసింది. నేను సగం ఖాళీ అయిపోయాను. నీళ్ళు నేలపాలైతే సంతోషించింది నా బతుకులో ఆ ఒక్కసారే.